ఉప్పు ఋణము, చాపకూడు

భిలాయి పేరు వినగానే ఎవ్వరికైనను ఉక్కు జ్ఞప్తికి వచ్చును. 1955లో సోవియట్ దేశముతో కుదిరిన ఒడంబడికను అనుసరించి అచ్చట కర్మాగార నిర్మాణమునకు పూనుకొనిరి. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. దేశపు నలుమూలలనుండి, తెలుగునాటినుండియు, జనులు పనికై తరలివచ్చి ఆ పట్టణమున స్థిరపడిరి. ఆ కొలుములకు పదునాలుగు కిలోమీటర్ల దూరమున గనియారి అను పల్లె కలదు. ఉక్కుకంటె మిక్కిలి ప్రాతదైన భారతకథ ఆ ప్రాంతపు పల్లెలలో తరతరములుగా కరగి క్రొత్త పోత పోసికొనుచు వచ్చినది. ఛత్తీస్‌గఢ్ జనులు దానిని పండవానీ అందురు.

1956లో గనియారిలో పార్ధీ తెగలో జన్మించిన తీజన్ బాయి, మాతామహుని నోట సబల్ సింగ్ చౌహాన్ రచించిన హిందీ భారతమును విని పెరిగెను. పదుమూడవ యేట చంద్రఖురీ గ్రామమున పది రూపాయల ప్రతిఫలమునకు మొదటిసారి సభలో పాడెను. ఆడుది పండవానీ పాడినందుకు తెగవారు ఆమెను వెలివేసిరి. ఆమె చిన్న గుడిసె వేసికొని, ఇరుగుపొరుగువారి గిన్నెలు ఎరువు తెచ్చుకొని, పాట మానక జీవించెను. తరువాతి కాలమున భిలాయి ఉక్కు కర్మాగారమున ఉద్యోగము చేసెను. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ పొందెను. ఈ వృత్తాంతము ఇచ్చట చెప్పుటకు కారణము ఆ బిరుదులు కావు. వీరుల సోదరభావమును గూర్చి, వారి విశ్వాసమును గూర్చి నేడు సాగుచున్న ఒక వాదమునకు ఆమె పాటలో సమాధానము ఉన్నది.

ఆ వాదము ఇట్టిది. అద్భుతవీరగాథ అనగా కత్తులు, కోటలు, మంత్రములు, ప్రతిజ్ఞలు గల ఊహాలోకపు కథ. అట్టి కథకు ప్రాణము విశ్వాసము. రాజుమాట జవదాటని సేనాని, మిత్రునికొఱకు మృత్యుముఖమున నిలుచు యోధుడు, ఉప్పు తిన్న యింటికై తల నిచ్చు బంటు: వీరిని చూచి పాఠకుని కన్ను చెమర్చును. ఆ చెమర్పే కథకు ఫలము. ఆ విశ్వాసము ఎవనికొఱకు, ఎందుకొఱకు, ఎవరి మెడమీద కత్తి పెట్టి అని ప్రశ్నించుట నేటి విమర్శకుల పెడబుద్ధి. వీరకథకు అది పరాయిది. విశ్వాసము స్వయముగా సద్గుణము. దానికి వేఱొక కొలత అక్కరలేదు. ఇది నవలలను మెచ్చువారు చెప్పు మాట, చిత్రములను మెచ్చువారు చెప్పు మాట, పురాణములను ఉపన్యసించువారును తఱచుగా చెప్పు మాట.

ఈ మాట తప్పు. అది నీతిదృష్టిచే తప్పు కావచ్చును, కాకపోవచ్చును. ఆ విచారము అటుంచి, వీరకథలను చదువు విధముగానే అది తప్పు. మన దేశపు గొప్ప వీరగాథలు విశ్వాసమును కొలతలేక మెచ్చినవి కావు. అవి రెండు విధములైన విశ్వాసములను వేఱుపఱచి చూపినవి. ఒకటి క్రిందినుండి మీదికి పోవునది: బంటు దొరకు చెల్లించునది. దానికి తెలుగువారి పేరు ఉప్పు ఋణము. రెండవది మీదినుండి క్రిందికి వచ్చునది, లేక ప్రక్కనున్నవానికి ప్రక్కవాడు ఇచ్చునది: బలవంతుడు తన్ను నమ్మిన బలహీనుని విడువకుండుట. దానికి పలనాటివారు చాపకూడు అను గుర్తు నిచ్చిరి. ఈ రెండవది ఉన్నచోటనే సోదరభావము అను మాటకు అర్థము కలదు. మొదటిది మాత్రమే ఉన్నచోట, ఎంత సుందరముగా అలంకరించినను, అది దాస్యమే.

భారతమునందలి ద్యూతసభను చూడుడు. లోకమున అన్నదమ్ముల ఐకమత్యమునకు పాండవులకంటె మించిన ఉదాహరణము లేదని అందఱును ఎఱుగుదురు. ఆ ఐకమత్యమే ఆనాడు సభలో ఏమి చేసెను? ధర్మజుడు నకులుని ఒడ్డెను, సహదేవుని ఒడ్డెను, అర్జునుని, భీముని ఒడ్డెను, తన్ను ఒడ్డుకొనెను, తుదకు ద్రౌపదిని ఒడ్డెను. తమ్ములు నలువురును పెదవి విప్పలేదు. అన్నమాటకు కట్టుబడిన తమ్ములు గదా! తాను ఓడినవాడు నన్ను ఒడ్డుటకు అధికారి యెట్లయ్యెనని ద్రౌపది అడిగిన ప్రశ్నకు, కురుసింహాసనమును కాచెదనని ప్రతిన పూనిన భీష్ముడు ధర్మము సూక్ష్మమని చెప్పి ఊరకుండెను. ద్రోణుడు ఊరకుండెను, కృపుడు ఊరకుండెను. వీరందఱును విశ్వాసపాత్రులే. సభ అంతయు విశ్వాసముతో నిండియున్నది. న్యాయమునకు మాత్రము అచ్చట చోటు లేకపోయెను.

ఆ సభలో నోరు విప్పినవారు ఇద్దఱు యోధులు. ఒకడు దుర్యోధనుని తమ్ముడే యైన వికర్ణుడు. అన్నకు వ్యతిరేకముగా, పెద్దలు పలుకనిచోట, ద్రౌపది ఓడిపోలేదని అతడు వాదించెను. రెండవవాడు భీముడు. జూదమాడిన చేతులను కాల్చెదను, నిప్పు తెమ్మని సహదేవునితో అనునంత కోపము అన్నమీద అతనికి వచ్చెను; అర్జునుడు వారించెను. విశ్వాసమే పరమగుణమైనచో ఈ ఇరువురును సోదరద్రోహులు కావలెను. కాని వ్యాసుడు వారిని అట్లు చిత్రింపలేదు. వికర్ణుని యుద్ధమున చంపవలసివచ్చినప్పుడు భీముడు దుఃఖించెను. తన అన్నను ఎదిరించి న్యాయము చెప్పినవానికి, తన అన్నపై కోపము తెచ్చుకొన్నవాడు పెట్టిన కన్నీరు అది. ఆ కన్నీటిలో ఉన్నది నిజమైన సోదరభావము. అది రక్తసంబంధమును దాటినది, పక్షమును దాటినది.

ఇప్పుడు పండవానీ వైపు తిరిగి చూడవలెను. ఆ గానమునకు రెండు పద్ధతులు కలవు. వేదమతి పద్ధతిలో గాయకులు కూర్చుండి, సబల్ సింగ్ చౌహాన్ గ్రంథమును అనుసరించి పాడుదురు. కాపాలిక పద్ధతిలో నిలుచుండి, నడచి, అభినయించి, కథను స్వేచ్ఛగా పెంచుకొందురు. స్త్రీలు పాడినచో కూర్చుండి పాడుట ఆచారముగా ఉండెను. తీజన్ బాయి లేచి నిలుచుండెను. ఆమె చేతిలోని తంబూరా ఒకప్పుడు గద, ఒకప్పుడు విల్లు, ఒకప్పుడు ద్రౌపది విడిపోయిన జుట్టు. ప్రక్కనుండి రాగి అనబడు సహగాయకుడు ఊకొట్టును, ప్రశ్న వేయును. పండవానీకి నాయకుడు అర్జునుడు కాడు, ధర్మజుడు కాడు, భీముడు. తీజన్ బాయి పాటలో మిక్కిలి ప్రసిద్ధి పొందిన ఘట్టము దుశ్శాసనవధ.

ఇది పామరుల మోటు అభిరుచి యని తేల్చివేయువారు కలరు. భీముడు బలశాలి, భోజనప్రియుడు, పల్లెవారికి నచ్చును అని వారు చిఱునవ్వు నవ్వుదురు. వారు భారతమును మఱచిరి. విరాటుని కొలువున కీచకుడు అవమానించినప్పుడు, రాత్రివేళ ద్రౌపది ఎవరి యొద్దకు పోయెను? ధర్మవేత్తయైన పెద్దభర్త యొద్దకు పోలేదు. గాండీవధారి యొద్దకు పోలేదు. వంటయింటిలో నిద్రించుచున్న భీముని లేపెను. అజ్ఞాతవాసము భగ్నమైనచో మఱల పండ్రెండేండ్లు అడవికి పోవలెనని ఎఱిగియు అతడు లేచెను. సేన యొక్క, రాజ్యము యొక్క, అన్న యొక్క లెక్కకంటె, తన్ను నమ్మి వచ్చినదాని లెక్క అతనికి ముఖ్యమయ్యెను. పండవానీ గాయకులు ఎన్నుకొన్నది ఈ గుణమును. తెగవారిచేత వెలివేయబడిన స్త్రీ, తన గుడిసెనుండి లేచివచ్చి ఈ కథను పాడినప్పుడు, సోదరభావము అను మాటను ఆమె ఉట్టి అలంకారముగా వాడియుండదు. అది ఎచ్చట తెగునో ఆమె ఎఱుగును.

ప్రతివాదులకు గట్టి సాక్షి కర్ణుడు. ఆంధ్రదేశమున కర్ణునికి ఉన్న అభిమానులు అర్జునునికి లేరు. సూతపుత్రుడని లోకమంతయు ఈసడించినప్పుడు అంగరాజ్య మిచ్చి కౌగిలించుకొన్నవాడు దుర్యోధనుడు. నీవు కుంతీపుత్రుడవు, రాజ్యము నీది అని కృష్ణుడు చెప్పినను ఆ మిత్రుని విడువనివాడు కర్ణుడు. ఇంతకంటె ఉత్తమమైన విశ్వాసము ఎచ్చట కలదని వారు అడుగుదురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. కర్ణుని విశ్వాసము నిజమైనది, దుఃఖకరమైనది. కాని దాని వెల ఎవరు చెల్లించిరి? సభలో వికర్ణుని గద్దించి, ద్రౌపది వస్త్రములను ఒలువుమన్నవాడు ఈ కర్ణుడే. ఈ విషయమున అందఱికంటె మంచి సాక్షి అతడే. ఉద్యోగపర్వమున కృష్ణునితో మాటాడునప్పుడు, దుర్యోధనుని మెప్పించుటకై పాండవులను పరుషములాడితిననియు, దానికి ఇప్పుడు పరితపించుచున్నాననియు అతడు ఒప్పుకొనెను. కర్ణుని మెచ్చువారు అతని త్యాగమును చెప్పుదురు. ఈ ఒప్పుకోలును చెప్పరు. విశ్వాసము తనచేత ఏమి చేయించెనో ఎఱిగి, ఆ ఎఱుక భారముతో యుద్ధమునకు పోవుటలోనే కర్ణుని గొప్పతనము ఉన్నది. కవి అతనిని మన్నించెనే గాని, ఆ విశ్వాసమును మెచ్చుకొనలేదు.

ఆ మార్గముననే ఇంకను పోయినచో ఎచ్చటికి చేరుదుమో సౌప్తికపర్వము చూపినది. యుద్ధము ముగిసినది. తొడలు విఱిగి పడియున్న రాజునకు విశ్వాసము చూపుటకై అశ్వత్థామ అర్ధరాత్రమున పాండవశిబిరము చొచ్చి, నిద్రించుచున్నవారిని వధించెను. ద్రౌపది అయిదుగురు కుమారులును అందులో కలరు. పాఱిపోవువారిని చంపుటకు కృపుడు, కృతవర్మయు ద్వారమున కాచిరి. ముగ్గురు యోధులు, ఒక రాజు, చెదరని స్నేహము, నెరవేరిన ప్రతిజ్ఞ: అద్భుతవీరగాథకు వలసిన సామగ్రి సర్వమును ఇచ్చట ఉన్నది. అయినను ఈ ముగ్గురి సౌభ్రాత్రమును పొగడి ఒక్క పాటయైనను కట్టుటకు ఎవనికిని నోరు రాదు. విశ్వాసము స్వయముగా సద్గుణమైనచో ఎందుకు రాదు?

ఈ కాలపు అద్భుతగాథలకు వచ్చినచో, తెలుగువారు తామే ప్రపంచమునకు చూపిన ఉదాహరణము ఒకటి కలదు. ఎస్. ఎస్. రాజమౌళి దర్శకత్వమున ‘బాహుబలి’ చిత్రము మొదటి భాగము 2015 జూలైలోను, రెండవ భాగము 2017 ఏప్రిల్ లోను వెలువడెను. ఆ రెంటి నడుమ దేశమంతయు ఒకే ప్రశ్న వేసికొనెను: కట్టప్ప బాహుబలిని ఏల చంపెను? దానికి చిత్రము చెప్పిన సమాధానము మిక్కిలి సులభము. రాజమాత ఆజ్ఞాపించెను. కట్టప్ప పూర్వులు మాహిష్మతీ సింహాసనమునకు దాసులమై యుందుమని మాట యిచ్చిరి. ఆ మాట వంశమును కట్టివేసెను. తన్ను మామా యని పిలుచు యువకుని, తాను పెంచినంతగా ప్రేమించినవానిని, వెనుకనుండి కత్తితో పొడిచెను. ప్రేక్షకులు ఏడ్చిరి. ఏడ్వవలసినదే. కాని వారు దేనికి ఏడ్చిరి? తాతలు ఇచ్చిన మాటకు మనుమలు బానిసలగుట న్యాయమా యని అడిగి ఏడ్చిరా? లేక, ఎంతటి విశ్వాసము అని మెచ్చి ఏడ్చిరా?

ఆ కథకు న్యాయము చేయవలెను. కట్టప్ప పశ్చాత్తాపమును అది దాచలేదు. రెండవ భాగమున అతడు దుష్టరాజునకు ఎదురు తిరుగును. అయినను మొదటి భాగమునుండి ప్రేక్షకుల మనస్సులలో నాటుకొన్న చిత్రము వేఱు. బాహుబలి కుమారుని గుర్తుపట్టిన వృద్ధయోధుడు నేలపై జారుచు వచ్చి, ఆ యువకుని పాదమును తన తలపై పెట్టుకొనును. ఆ క్షణమున ప్రేక్షకశాలలు మాఱుమ్రోగినవి. మంచి రాజు దొరకినచో తల అతని పాదము క్రింద ఉంచవచ్చునని ఆ దృశ్యము చెప్పును. దాస్యము పోవలెనని అది చెప్పదు. యజమాని మాఱవలెనని మాత్రమే చెప్పును. ఆ దృశ్యము సుందరమైనది గనుకనే దానితో వాదింపవలసియున్నది. వికారమైన అసత్యమునకు ఎవరును లోబడరు.

దీనికి ప్రక్కన మఱొక దృశ్యమును ఉంచి చూడుడు. ఇంగ్లీషు అద్భుతగాథలలో ప్రసిద్ధమైన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ను జె. ఆర్. ఆర్. టోల్కీన్ 1954–55లో మూడు సంపుటములుగా ప్రకటించెను. అతడు 1916లో సొమ్ యుద్ధమున పాల్గొన్నవాడు. సిపాయిల స్నేహమును పుస్తకములనుండి నేర్చినవాడు కాడు. ఆ కథలో శామ్ అను తోటమాలి తన యజమాని ఫ్రోడోను అగ్నిపర్వతముపైకి వీపున మోసికొనిపోవును. ఇది ఉప్పు ఋణమే యని ప్రతివాదులు అనవచ్చును. కాని అంతముతో కథ ముగియలేదు. యుద్ధము గెలిచిన పిమ్మట, రాజు కాబోవు అరగార్న్ ఆ పొట్టి మనుష్యులిద్దఱి యెదుట మోకాలు వంచి, వారిని సింహాసనముమీద కూర్చుండబెట్టును. అంతకు ముందు, శత్రువులకు చిక్కిన మఱి ఇద్దఱు చిన్నవారికై అతడును అతని మిత్రులును పగళ్లు పరుగెత్తి మైదానములు దాటుదురు. క్రిందినుండి వచ్చిన విశ్వాసమునకు మీదినుండి బదులు వచ్చినది. కనుకనే ఆ తొమ్మండుగురి కూటమిని మిత్రకూటమి యని పిలువగలిగిరి.

టోల్కీన్ ఈ విషయమును వేఱొకచోట విమర్శకుడుగాను చర్చించెను. 991లో ఇంగ్లండునందలి మాల్డన్ వద్ద బ్యోర్ట్‌నోత్ అను ప్రభువు, పౌరుషముకొలది శత్రువులను ఇఱుకుదారి దాటి రానిచ్చి, తానును తన బంట్లును చచ్చునట్లు చేసెను. ఆ యుద్ధమును వర్ణించిన ప్రాచీన ఆంగ్లకావ్యమును బంట్ల విశ్వాసమునకు ప్రశస్తిగా చదువుట వాడుక. టోల్కీన్ 1953లో ప్రకటించిన రచనలో ఆ పఠనమును సవరించెను. బంట్ల విశ్వాసము హృదయమును కదలించునదే. అందువలననే దానిని తన కీర్తికై వ్యయపఱచిన ప్రభువు దోషము మఱింత పెద్దది. విశ్వాసము ఎంత గొప్పదో, దానిని స్వీకరించువాని బాధ్యత అంత గొప్పది.

ఇట్టి విచారమునకు మనము ఇంగ్లండు దాక పోవలసిన పని లేదు. పండ్రెండవ శతాబ్ది చివర పలనాట జరిగిన దాయాదుల యుద్ధమును వీరగాథగా తెలుగువారు నేటికిని పాడుదురు. ద్విపదలోనున్న పల్నాటివీరచరిత్ర శ్రీనాథుని పేర ప్రసిద్ధము. అందులో చరిత్రయు అద్భుతమును పెనవేసికొన్నవి. బ్రహ్మనాయుడు తన వీరులను కులభేదము లేక చాపలమీద కూర్చుండబెట్టి కలసి భుజింపజేసెను, అదియే చాపకూడు. మాల కన్నమదాసును కుమారునిగా చేరదీసి సేనాని జేసెను. బాలచంద్రుని ప్రక్క నిలిచి పోరాడిన సహచరులు వేర్వేరు కులములవారు. ఈ వీరులు తమ నాయకునికై చచ్చిరి, నిజమే. కాని చావునకు ముందు వారికి ఒక చాప పఱచబడెను. నాయకుడు తన కులగౌరవమును పణముగా పెట్టి వారితో పొత్తున కుడిచెను. వారి విశ్వాసము ఋణము తీర్చుట కాక, ఒకే పంక్తిలో కూర్చున్నవారు ఒకరికొఱ కొకరు లేచుట యయ్యెను.

పలనాటి కథ మచ్చలేనిది కాదు. దాయాదుల పౌరుషమునకు ఒక తరమంతయు కారెంపూడి రణరంగమున నేలగూలెను. చాపకూడు ఆ వినాశమును ఆపలేకపోయెను. అయినను యుద్ధము గెలిచినవారెవరో మఱచిన జనులు చాపకూడును మఱువలేదు. కార్తికమాసమున కారెంపూడిలో జరుగు వీరారాధనలో ఆ పేరు నేటికిని నిలిచియున్నది. ఆ గాథను వంశపారంపర్యముగా పాడు వీరవిద్యావంతులు మాల కులమువారు, అనగా కన్నమదాసు జనము. ఒకవైపు పార్ధీ స్త్రీ భీముని పాడును. ఒకవైపు మాల గాయకుడు కన్నమదాసును పాడును. వీరకథను ప్రాణముతో నిలిపినవారు పంక్తి చివర కూర్చుండబెట్టబడినవారు. ఆ పంక్తి ఎచ్చట తెగునో వారికి తెలిసినంతగా సింహాసనము ప్రక్కనున్నవారికి తెలియదు. విశ్వాసమును ప్రశ్నించుట వీరకథకు పరాయిది అనువారు, ఆ కథలను మోసినవారి నోటనుండి ఒక్కమాఱైనను వాటిని వినవలెను.

తెలుగు బాలురకు మొదటి అద్భుతగాథలు అందించిన ‘చందమామ’లోను ఈ రెండవ సంప్రదాయమే కనబడును. 1950 దశకమునుండి దాసరి సుబ్రహ్మణ్యం గారు ఆ పత్రికకు వ్రాసిన ధారావాహికలలో తఱచుగా ఇద్దఱు యువకులు కలసి నడచుదురు. ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు అట్టివారు. వారిలో ఒకడు దొర, ఒకడు బంటు కాడు. ఒకనికి ఆపద వచ్చినచో రెండవవాడు పోవును. ఎవని పాదమును ఎవని తలపైకి ఎక్కదు. ఆ కథలు చదివి పెరిగిన తరము స్నేహమును ఆ విధముగా ఊహించుకొనెను. బాలుర కథలని వాటిని చిన్నచూపు చూచువారు, పెద్దల చిత్రములలో స్నేహమునకు ఏ రూపము మిగిలెనో పోల్చి చూచుకొందురు గాక.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాగలదు. ప్రతి సైనికుడును ఆజ్ఞను తూచి చూచినచో ఏ సేన నిలుచును? యుద్ధభూమిలో విచారమునకు వ్యవధి యెక్కడిది? ఈ ఆక్షేపణలో సత్యము కలదు. కాని అది సేనకు సంబంధించిన సత్యము, కథకు సంబంధించినది కాదు. సేనకు క్షణమాత్రమున విధేయత కావలెను. కథ తరముల తరువాత తీరికగా చెప్పబడునది. అప్పుడు విచారింపక మఱి యెప్పుడు విచారింతుము? సేనలోనైనను గాయపడినవానిని విడిచి పాఱిపోయిన అధికారిని ఎవరును వీరుడనరు. విధేయతకు ప్రతిగా మీదినుండి రావలసినది ఒకటి కలదని సిపాయికిని తెలియును.

మఱొక ఆక్షేపణ: కథ కథయే; నీతిశాస్త్రముగా దానిని చదువరాదు. ఈ మాట చెప్పువారు తామే మొదట నీతి బోధించుచున్నారని గుర్తింపరు. విశ్వాసమే చాలును, ప్రశ్న వలదు అనుట ఒక నీతి. ఆ నీతి యువకుల మనస్సులలోనికి కన్నీటిద్వారా పోవును గనుక ఉపన్యాసముకంటె లోతుగా నాటుకొనును.

దీని ఫలితము కథలలోనే ఆగిపోవునది కాదు. భిలాయినే మఱల చూడుడు. భిన్న భాషలవారు ఒకే కొలిమి యెదుట పనిచేసి ఒకరి నొకరు భాయీ యని పిలుచుకొన్న పట్టణమది. ఆ కొలుములకు ఖనిజము దల్లీ-రాజహరా గనులనుండి వచ్చును. 1977లో ఆ గనుల కాంట్రాక్టు కార్మికులు ప్రత్యేక సంఘముగా ఏర్పడిరి. కారణము స్పష్టము: శాశ్వతోద్యోగుల కొక బోనసు, అదే ఖనిజమును త్రవ్వు కాంట్రాక్టు కూలీలకు అంతకంటె మిక్కిలి తక్కువ బోనసు అని ఒప్పందము జరిగెను. భాయీ అను పిలుపు ఉన్నది. చాప మాత్రము సగముదాకనే పఱచబడెను. ఆ కార్మికులకు నాయకుడైన శంకర్ గుహా నియోగీ 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రించుచుండగా కాల్చి చంపబడెను. 1992 జూలై 1న అదే పట్టణమున రైలుపట్టాలమీద కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరుపగా పలువురు మరణించిరి. నిద్రించువానిని చంపుట సౌప్తికపర్వముతో ముగియలేదు. సోదరులము అను మాట ఎంతవఱకు పోవును, ఎచ్చట ఆగును అను ప్రశ్న ఊహాలోకపు కోటలలో మాత్రమే పుట్టునది కాదు. అట్టి పట్టణపు పొలిమేరలో, భీముడు ద్రౌపదికై లేచిన కథను వెలివేయబడిన స్త్రీ పాడినది. దానిని కేవలము జానపదవినోదముగా వినినవాడు సగమే వినినట్లు.

భారతము తన తీర్పును చివరి పుటలకై దాచుకొనెను. మహాప్రస్థానమున ద్రౌపదియు తమ్ములును ఒకరి తరువాత ఒకరు పడిపోవుదురు. ధర్మజుడు వెనుకకు తిరుగక, ప్రతివాని దోషమును చెప్పుచు, నడచుచునే పోవును. ఆ నడక పాఠకునికి కష్టముగా తోచును; తోచవలెను. ద్యూతసభలో తమ్ములను ఒడ్డిన ఆ పెద్దన్నయే ఇంకను నడచుచున్నాడు. తుదకు అతని వెంట మిగిలినది ఒక కుక్క. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి ఎక్కుమనును. ఆ కుక్క అతని సోదరుడు కాదు, బంటు కాదు, అతనికై యుద్ధము చేసినది కాదు. నమ్మి వెంట వచ్చినది, అంతే. నమ్మి వచ్చినదానిని విడిచి స్వర్గమునకు రానని అతడు నిలిచిపోవును. తరువాత స్వర్గమున దుర్యోధనుని చూచి, తమ్ములు లేని చోటు స్వర్గము కాదని, వారున్న నరకముననే ఉండెదనని చెప్పును.

జూదమున తమ్ములను పణముగా పెట్టినవాడు, కుక్కను విడువనని స్వర్గద్వారమున నిలుచునంతవాడు అగుటకు పదునెనిమిది పర్వములు పట్టినవి. తమ్ముల విశ్వాసము మొదటినుండియు సంపూర్ణమే. దానికి పెరుగవలసిన అవసరము లేకపోయెను. నేర్చుకొనవలసినవాడు పెద్దవాడు. వ్యాసుడు అంత కథ చెప్పినది ఈ నేర్పుకొఱకే యని చెప్పినను అతిశయోక్తి కాదు. కాబట్టి క్రొత్త వీరగాథ వచ్చినప్పుడు, బంటు దొరకై ఎంత నెత్తురు ధారపోసెనని కొలుచుటతో ఆగరాదు. దొర చాప పఱచెనా, ఆ చాప ఎంతవఱకు పోయెను, దానిమీద ఎవరు కూర్చుండలేదు అని అడుగవలెను. ఆ ప్రశ్నకు నిలువని గాథ ఎంతటి కన్నీరు తెప్పించినను, అది వీరుల కథ కాదు. కొన్నవానికి అమ్ముడుపోయిన కత్తుల కథ.